అడవిలో డేరాకి లక్కీ డిప్పే న్యాయం

మేముండే మదీనత్ అల్ షమాల్ ఖతార్‌కి ఉత్తరపు కొస. ఈ చుట్టుపక్కల అడవి అంటే, దోహా వెళ్ళే దారికి పక్కగా అల్ థకీరా దగ్గరున్న మడ చెట్లే. ఇక్కడ కూర్చుని కాలిఫోర్నియా అడవుల మీద టపా ఏమిటంటారా? చెప్తాను.

మా పెదనాన్నగారబ్బాయి అక్కడుంటాడు. జూలై ఆఖర్లో పిల్లల్ని యోసెమిటీ తీసుకెళ్ళి, రెండు రాత్రులు డేరాలో పడుకోబెట్టాలని వాడి సరదా. ఆ లోయలో డేరా స్థలాల బుకింగ్ ఐదు నెలల ముందు, 15వ తేదీ పొద్దున్న 7 గంటలకి తెరుస్తారు. "ఒరేయ్, అప్పుడు మీకు సాయంత్రం ఆరే కదా, నువ్వూ కూర్చో. వీలైతే ఓ ప్రోగ్రాం రాసిపెట్టు, అదే నొక్కేస్తుంది" అన్నాడు ఫోన్లో. కూర్చుంటాను కానీ ప్రోగ్రాం మాత్రం రాయనన్నాను.

చేతకాక కాదు. 'ముందొచ్చినవాళ్ళకి ముందు' అన్న పద్ధతి గేటు దగ్గర కార్లు బారులు తీరిన రోజుల్లో న్యాయమే. అక్కడ కావలసింది ఓపిక. నిమిషాల్లో అయిపోయే ఆన్‌లైన్‌లో గెలిచేది ఓపిక కాదు, వేగం. మంచి నెట్, ఇంట్లో నాలుగు లాప్‌టాప్‌లు, ఇంకో దేశంలో ఓ తమ్ముడు ఉన్నవాడిదే స్థలం. అదే 7 గంటలకి బస్సు నడుపుతున్నాయన, ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నావిడ ఏం చెయ్యాలి? ఆ అడవి వాళ్ళది కూడా కదా!

దీనికి మందు మనకి తెలిసిందే. తిరుమలలో సుప్రభాతం, తోమాల లాంటి సేవలకి ఎలక్ట్రానిక్ డిప్ ఉంది. గడువులోగా పేరిచ్చి మన పని మనం చూసుకోవచ్చు. అదే 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజైతే ఇల్లంతా కంప్యూటర్ ముందే!

యోసెమిటీ వాళ్ళకీ ఇది కొత్త కాదు. హాఫ్ డోమ్ కొండ ఎక్కడానికి 2012 నుంచీ లాటరీయే. నార్త్ పైన్స్ క్యాంపులో 2023 సీజన్‌కి డేరా స్థలాలకీ పెట్టి చూశారు. మిగతా చోట్లా పెట్టాలంటాను.

ఇంటిల్లిపాదీ పేర్లిస్తారు కదా అంటారేమో. ఇంటికి ఒకే దరఖాస్తు అనండి, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూడండి. ఉత్తినే పట్టి ఉంచి ఆఖర్న వదిలేసేవాళ్ళ దగ్గర గట్టిగా వసూలు చెయ్యండి. ఇప్పుడు ముందుగా రద్దు చేసుకుంటే పోయేది 10 డాలర్లే!

అందాకా ఓ చిట్కా: శని, ఆదివారాలు వదిలి వారం మధ్య రోజులు చూడండి. రద్దయిన స్థలాలు ఒకటీ అరా మళ్ళీ కనిపిస్తుంటాయి.