గాబ్లిన్‌కి ఎన్ని లైన్లు కావాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలు ఆడేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. పుస్తకంలో ఒక్కో రాక్షసుడి వివరాలు ఎంత పొడుగుండాలి? ఒక్క లైను చాలంటుంది ఒక వర్గం. పేజీ పట్టినా సరే, అన్నీ ఉండి తీరాలంటుంది ఇంకో వర్గం. నా మటుకు నాకు ఇద్దరూ తప్పు కొలబద్ద పట్టుకుని కొట్టుకుంటున్నారనిపిస్తుంది. లైన్లు లెక్కపెట్టడం కాదండీ, ఆట మధ్యలో పేజీ ఎన్నిసార్లు తిప్పాల్సొస్తోందో లెక్కపెట్టాలి.

ఈ ఆటలు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. టేబుల్ చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్, అంటే కథ నడుపుతూ, దారిలో ఎదురయ్యే రాక్షసులందరి తరఫునా ఆడే మనిషి. మిగతావాళ్ళు తలో వీరుడు. దెబ్బ తగిలిందా తప్పిందా అన్నది పాచికలు తేలుస్తాయి. ప్రతి రాక్షసుడికీ పుస్తకంలో ఒక పెట్టె ఉంటుంది: ఎన్ని దెబ్బలకి ఓర్చుకుంటాడు, వాణ్ణి కొట్టడం ఎంత కష్టం, వాడు కొడితే ఎంత తగులుతుంది, వగైరా. దీన్నే స్టాట్ బ్లాక్ అంటారు. వీడియో గేమ్‌లో అయితే ఈ లెక్కలన్నీ ప్రాసెసర్ చూసుకుంటుంది. ఇక్కడ ప్రాసెసర్ ఒక మనిషి, అదీ ఐదు రోజులు ఆఫీసులో అరిగిపోయి శనివారం సాయంత్రం వచ్చి కూర్చున్న మనిషి. అసలు సమస్యంతా అక్కడే ఉంది.

ఒక్క లైను వర్గం వాళ్ళు ఎప్పుడూ 1974ని చూపిస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది ఆ ఏడాదే. రెండో పుస్తకం మొదట్లోనే రాక్షసులందరికీ కలిపి ఒక పట్టిక, ఒక్కొక్కరికీ ఒక్కో వరుస. "చూశారా, ఎంత హాయిగా ఉందో!" అంటారు. బాగానే ఉంది. కానీ అందులో ఘూల్ వరుస చూడండి. శవాలు పీక్కుతినే ఈ పిశాచం తాకితే మనిషి కొయ్యబారిపోతాడు. వాడి గురించి తెలియాల్సిన మొదటి సంగతే అది. అది పట్టికలో లేదు, వెనక పేజీల్లో వర్ణనలో ఉంది. ఎల్ఫులకి మాత్రం ఏమీ కాదన్న మినహాయింపూ అక్కడే. పట్టికలో ఉన్నదేమో గుహలో దొరికే అవకాశం ఎంత శాతం, దగ్గరుండే నిధి ఏ రకం లాంటివి. కథ తయారుచేసుకునేటప్పుడు అవి కావాలి గానీ, పిశాచం మీద పడ్డప్పుడు ఎందుకు? ఒక్క లైన్లో కుక్కిన పెర్ల్ ప్రోగ్రామ్ కూడా పొట్టిదే, రాసినవాడికి తప్ప ఎవరికీ అర్థం కాదంతే :)

ఇక అన్నీ ఉండాలనే వర్గానికి దేవాలయం 2000లో వచ్చిన మూడో ఎడిషన్, 2003లో దాన్ని సవరించిన 3.5. ఇందులో వీరులకీ రాక్షసులకీ ఒకే నియమాలు. ఇంజనీర్ బుర్రకి ఎంత అందంగా కనిపిస్తుందో! కానీ పెట్టెలో "పవర్ అటాక్, క్లీవ్" అని పేర్లు మాత్రమే ఉంటాయి. అవి ఏంచేస్తాయో తెలియాలంటే ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తియ్యాలి. మన భాషలో చెప్పాలంటే పక్కాగా నార్మలైజ్ చేసిన డేటాబేస్. డూప్లికేషన్ లేదు, నిజమే. కాకపోతే ప్రతి టర్నులోనూ జాయిన్ కొట్టాల్సింది గేమ్ మాస్టర్ బుర్ర.

2008లో నాలుగో ఎడిషన్ దీన్ని తిరగేసింది. ప్రతి శక్తి గురించీ ఆ పెట్టెలోనే పూర్తిగా రాసేశారు. పెట్టె పొడుగైంది, ఆట నడపడం మాత్రం తేలికైంది. ఆ ఎడిషన్‌లో పోట్లాటలు సాగేవని చాలామంది తిట్టారు, అందులో నిజం ఉంది. కానీ దానికి రాక్షసుల హిట్ పాయింట్లని తిట్టాలి, పెట్టెని కాదు.

2014 నాటి ఐదో ఎడిషన్ మళ్ళీ వెనక్కెళ్ళింది. అందులో లిచ్ అని చావులేని మాంత్రికుడున్నాడు. వాడి పెట్టెలో 26 మంత్రాల పేర్లున్నాయి. మంత్రాల వివరాలు ఇంకో పుస్తకంలో. పోట్లాట నాలుగైదు రౌండ్లు సాగితే గొప్ప, అంటే వాడేది మహా అయితే ఐదారు మంత్రాలు. మిగతా ఇరవై ఎందుకు చదవాలి? 2022లో వచ్చిన మాన్‌స్టర్స్ ఆఫ్ ద మల్టీవర్స్‌లో ఈ జాబితాలు తగ్గించారు, 2025 మాన్‌స్టర్ మాన్యువల్ కూడా అదే దారి. మంచిదే. అయినా మంత్రం ఏంచేస్తుందో చూడాలంటే ఇప్పటికీ రెండో పుస్తకమే దిక్కు.

అన్నీ ఉండాలనేవాళ్ళ వాదనలో బలం లేదనను. ఆటగాళ్ళు ఏం చేస్తారో ఎవడికి తెలుసు? ఒకడు గాబ్లిన్‌తో కుస్తీ పడతానంటాడు, ఇంకొకడు వాడికి లంచమిస్తానంటాడు. అప్పుడు బలం ఎంత, తెలివి ఎంత అన్న అంకెలు పనికొస్తాయి. ఒప్పుకుంటాను. దానికి మనందరికీ తెలిసిన మందే ఉంది: డిఫాల్ట్ వేల్యూ. చెప్పకపోతే మామూలు మనిషంత అనుకో. తేడా ఉన్నదే రాయి. 2014 గాబ్లిన్‌కి ఆరు సామర్థ్యాల అంకెలిచ్చారు. వాటిలో రెండు మనిషి సగటైన 10, మూడు 8. నిజంగా పైకి తేలేది ఒక్కటే, చురుకుదనం 14.

అసలు కావాల్సింది మాత్రం అందులో లేదు. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన బేసిక్ పుస్తకంలో ప్రతి రాక్షసుడికీ మొరేల్ అని ఒక్క అంకె ఉండేది. గాబ్లిన్‌కి 7. పోట్లాటలో మొదటి ప్రాణం పోయినప్పుడు, మళ్ళీ తమలో సగం మంది పడ్డప్పుడు రెండు పాచికలు వేస్తారు. 7 దాటిందా, పరారే. ఒక్క అంకెతో ఆ గుంపుకి భయం వచ్చేసింది, ప్రాణం మీద తీపి వచ్చేసింది. 2014 పెట్టెలో వాడెప్పుడు పారిపోతాడో ఎక్కడా లేదు. అందుకే చాలా టేబుళ్ళ మీద గాబ్లిన్లు ఆఖరివాడి దాకా నిలబడి చస్తుంటారు, పాపం.

కాబట్టి నా లెక్క ఇది: రాక్షసుడు బతికుండే ఆ కాసేపట్లో వాడేది మొత్తం పెట్టెలో ఉండాలి, వాడనిది ఏదీ ఉండకూడదు. 2014 అంకెలతోనే గాబ్లిన్‌ని ఇలా రాసుకోవచ్చు:

గాబ్లిన్. రక్షణ 15, ప్రాణం 7, నడక 30 అడుగులు. చురుకుదనం +2, బలం -1.
కత్తి లేదా విల్లు: +4, తగిలితే 5.
కొట్టాక కూడా అదే టర్నులో దెబ్బ తినకుండా జారుకోగలడు, లేదా దాక్కోగలడు (+6). చీకట్లో 60 అడుగులు చూస్తాడు.
సగం మంది పడితే పారిపోతాడు. దొరికిపోతే నాయకుడెక్కడున్నాడో చెప్పేస్తాడు.

నాలుగు లైన్లు. ఆఖరి లైను నేను చేర్చిందే. లిచ్‌కి ఇలాగే రాస్తే అర పేజీ పడుతుంది. పట్టనివ్వండి! ఆరు మంత్రాలు, ఒక్కోటీ ఏంచేస్తుందో వివరంగా, అన్నీ ఒకేచోట. అర పేజీ అయినా అది క్లుప్తమే, ఎందుకంటే ఇంకో పుస్తకం తెరవక్కర్లేదు.

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవెందుకంటారా? ఏ స్నేహితుల గుంపులో చూసినా ఆడతామనేవాళ్ళు నలుగురుంటారు, నడుపుతాననేవాడు ఒక్కడూ దొరకడు. పుస్తకం తెరిచి ఆ పెట్టెల్ని చూడగానే "బాబోయ్, ఇదంతా గుర్తుపెట్టుకోవాలా" అని జడుసుకుంటారు. నడిపేవాడు లేకపోతే ఆట లేదు. ఉద్యోగం, ట్రాఫిక్, పిల్లలు, ఇన్నిటి మధ్య ఐదుగురికి ఒకే రోజు ఖాళీ దొరకడమే గగనం. దొరికిన ఆ మూడు గంటల్లో ఒక గంట పేజీలు తిప్పడానికి పోతే వచ్చే వారం ఇద్దరు రారు, ఆ పై వారం ఆటే ఉండదు.

నమ్మకం లేకపోతే ఓ ప్రయోగం చెయ్యండి. ఐదో ఎడిషన్ నియమాల్లో చాలా భాగం 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతోంది. అందులోంచి మూడు రాక్షసుల్ని తీసుకుని, వచ్చే ఆటకి ముందు చిన్న కార్డుల మీద ఇలా తిరగరాసుకోండి. ఆడేటప్పుడు పుస్తకం తెరవాల్సొచ్చిన ప్రతిసారీ కార్డు మీద ఒక గీత గియ్యండి. ఏది చేర్చాలో ఆ గీతలే చెబుతాయి. మొత్తం ఆటలో ఒక్కసారి కూడా చూడని అంకె ఏదన్నా మిగిలితే, నిస్సంకోచంగా కొట్టెయ్యండి. ఏమంటారు?