ఆ నీళ్ల లెక్క మనం అడగలేదు

డాలస్ చుట్టుపక్కల తెలుగిళ్లలో గొడ్డుమాంసం మాట వస్తే తినేవాళ్లం బయటపడం, తిననివాళ్లం ‘మేం తినం’ అని చెప్పి చేతులు దులుపుకుంటాం. ఎవరు తింటారు, ఎవరు తినరు అన్న తగువును ఊళ్ల నుంచి ఇక్కడిదాకా మోసుకొచ్చాం. ఆ మాంసానికి నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయని మాత్రం ఇన్నేళ్లలో అడిగిన పాపాన పోలేదు. అదీ ఎవరం? అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం నుంచి వచ్చినవాళ్లం. బోరు మీద బోరు వేయించి, నీళ్లు పడక అప్పులపాలైన ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లం.

మనముండే రాష్ట్రంలోనే, వాయవ్యంగా ఆరేడు గంటలు కారులో పోతే హెర్‌ఫర్డ్ వస్తుంది. ప్రపంచ గొడ్డుమాంస రాజధానినని చెప్పుకునే ఊరు. ఊరికంటే ముందు వాసన తగులుతుంది. తర్వాత రోడ్డు పక్కన ఇనుప కంచెల దొడ్లు. గడ్డిపరక మొలవని నేల మీద వేలకు వేల పశువులు, కాంక్రీటు గాడి పొడవునా వరసగా వాటి తలలు. గాడిలో ఉండేది ప్రధానంగా ఆవిరిలో ఉడికించి అటుకుల్లా నొక్కిన మొక్కజొన్న. మూడు క్వింటాళ్ల బరువుతో వచ్చిన కోడె ఐదారు నెలలు అదే తిని, ఆరు క్వింటాళ్లకు చేరి కబేళాకు పోతుంది.

ఆ మొక్కజొన్న అక్కడ పండాలంటే వాన ఒక్కటే చాలదు. నీళ్లు ఓగలాలా నుంచి తోడాలి. దక్షిణ డకోటా నుంచి టెక్సాస్ దాకా ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్న భూగర్భ జలాశయం అది. రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపినా దానికి ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది. వేల ఏళ్లుగా ఇంకిన నీరు. టెక్సాస్ వైపు ఏడాదికి అంగుళం కూడా తిరిగి చేరదు. చేరేదైనా ఎక్కువగా వాన నిలిచే చిన్న చిన్న కుంటల అడుగు నుంచే. మొక్కజొన్నకు పెట్టే తడులేమో అడుగు దాటుతాయి.

ఫ్రాంక్ జైబాక్ అనే కొలరాడో రైతు 1952లో పేటెంటు పొందిన యంత్రం, మధ్యలో గుంజ చుట్టూ తిరుగుతూ నీళ్లు చిమ్మేది, ఆ మెట్టభూములను పచ్చటి వలయాలుగా మార్చింది. విమానం కిటికీలోంచి చూసి ముచ్చటపడి మనమంతా ఫొటోలు తీసుకున్నాం. బోర్లలో ఊట తగ్గి సగం వలయానికే తడి పెడుతున్న పొలాలున్నాయి. బోరు వట్టిపోవడమంటే ఏమిటో చిన్నప్పుడే చూసిన మనం, పైనుంచి చూసి ఆ సగం వలయాల అర్థం పోల్చుకోలేకపోయాం.

ఉత్తరానున్న కాన్సాస్‌లో 2013లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఓగలాలా అక్కడి భాగంలో 30 శాతం నీరు అప్పటికే అయిపోయింది. అదే తీరున తోడితే మరో యాభై ఏళ్లలో ఇంకో 39 శాతం పోతుంది. టెక్సాస్‌లో నేల కింది నీరు ఆ నేల యజమానిదే అన్న సూత్రం 1904 నాటి తీర్పు నుంచి నడుస్తోంది. 1965లో ఒక ఫెడరల్ కోర్టు, తరిగిపోతున్న ఆ నీటికి రైతులు ఆదాయపన్నులో తగ్గింపు తీసుకోవచ్చంది. ఖాళీ అవుతున్న జలాశయానికి పన్ను రాయితీ! మనం పన్ను కట్టే దేశంలో, మన కళ్లెదుట ఉన్న సంగతి ఇది.

కిలో గొడ్డుమాంసానికి 15,400 లీటర్ల నీళ్లు అనే అంకె మాత్రం మనకు బాగా తెలుసు. శాకాహారం గొప్ప చెప్పుకోవడానికి వాట్సాప్‌లో పంచుకుంటాం. ఆ ప్రపంచ సగటులో 90 శాతానికి పైగా వాననీరేనని చదవం. బీట్లో వానకు మొలిచిన గడ్డి మేసిన ఆవుతో ఏ జలాశయమూ ఎండదు. ప్రాణం తీసేది మిగతా కొద్ది శాతంలో ఉంది. నది నుంచో బోరు నుంచో తోడేది సగటున ఓ 550 లీటర్లే. కానీ ఆ నీరు తిరిగి చేరని చోట తోడితే చిన్న అంకే నేలను ఎండగడుతుంది. పెద్ద అంకెతో పక్కవాడిని తప్పుపట్టి, చిన్న అంకెను వదిలేశాం.

తిననివాళ్లం తప్పుకోవడానికీ వీల్లేదు. ఈ ఇరవై ముప్పై ఏళ్లలో పెద్ద పెద్ద పాల డెయిరీలు అదే మెట్టప్రాంతానికి, పక్కనే తూర్పు న్యూమెక్సికోకు తరలాయి. ఆ పాడికీ మేత పండేది చాలావరకు ఓగలాలా నీళ్లతోనే. పాలు తగ్గిన ఆవును అమ్మితే అది బర్గర్ మాంసమవుతుంది. మన నెయ్యి, మన పనీరు, మన అభిషేకాల పాలు కూడా ఆ దారిలోవే కావచ్చు. గోమాత అని దండం పెట్టి, ఆ గోవు చివరికి ఎక్కడికి పోతోందో, ఏ నీళ్లు తాగి బతికిందో చూడకుండా కళ్లు మూసుకున్నాం.

దారి లేక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులే నడిపిన భూగర్భజల పథకంలో, ఏడు కరువు జిల్లాల పల్లెల్లో ఆడా మగా బావుల్లో మట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, ఏ పంట వెయ్యాలని లెక్క కట్టారు. కాన్సాస్‌లోని షెరిడన్ కౌంటీ ప్రాంతంలో రైతులు 2013 నుంచి తోడే నీటిని 20 శాతం తగ్గించుకుంటామని ఒప్పుకుని, అంతకు మించే తగ్గించారు. వాళ్ల సేద్యమేమీ కూలిపోలేదు. ఆ రెండు చోట్లనూ ఎరిగి, రెంటినీ కలిపి మాట్లాడగలిగినవాళ్లం మనమే. మాట్లాడలేదు. మన సంఘాల్లో వీసాలకూ పెళ్లిసంబంధాలకూ గంటలు గంటలు దొరికాయి. టెక్సాస్ నీటి చట్టాన్ని మార్చగల శాసనసభ ఆస్టిన్‌లో ఉంది, రెండేళ్లకోసారి కూడుతుంది. ఓటున్న మనం, ఓట్లడగడానికి గుమ్మం ముందుకొచ్చినవాళ్లను బడుల గురించి అడిగాం, ఇంటిపన్ను గురించి అడిగాం. ఓగలాలా పేరెత్తలేదు.