నమ్ముకొన్నవారును అమ్ముకొన్నవారును

“ధనమున్నవాడు కొనును, లేనివాడు చూచును. ఆటలో గెలుపే ముఖ్యము గాని, గెలిపించిన ధనము ఎచ్చటినుండి వచ్చినదో మనకేల?” ఇంగ్లాండు దేశపు ఫుట్‌బాలు క్లబ్బుల క్రయవిక్రయములను గూర్చి మాట వచ్చినప్పుడు చదువుకొన్నవారు సయితము ఇట్లు పలికి చేతులు దులుపుకొనుచున్నారు. ఈ మాట తప్పనియు, ఆటలో మొదలైన ఈ తప్పు ఆటలోనే ఆగదనియు చెప్పుటకే యీ వ్యాసము. క్లబ్బులను కొన్న కుబేరులను దూషించువారు కావలసినంతమంది కలరు. వారిని దూషించుట సులభము. నా అభియోగము వారిమీద సగమే. తక్కిన సగము, గెలిపించునంతకాలము ఆ కుబేరునకు జేజేలు పలికి, ఓడిననాడు మాత్రము ధర్మమును జ్ఞప్తికి తెచ్చుకొను అభిమానులమీద.

మొదట క్లబ్బన నేమో తెలిసికొనవలెను. లాంకషైరులోని బ్లాక్‌బర్న్ నూలుమిల్లుల పట్టణము. అచ్చట 1875లో రోవర్సు అను క్లబ్బు పుట్టినది. 1888లో పండ్రెండు క్లబ్బులు కూడి ఫుట్‌బాల్ లీగును స్థాపించినప్పుడు అది వానిలో నొకటి. అదే ఊరిలోని మరియొక క్లబ్బు, బ్లాక్‌బర్న్ ఒలింపిక్, 1883లో మిల్లుకూలీలును చేతిపనివారును గల జట్టుతో బోయి, ఈటన్ పాఠశాలలో చదివిన పెద్దింటి బిడ్డల జట్టు నోడించి ఎఫ్.ఏ. కప్పును ఇంటికి దెచ్చినది. ఎవర్టన్ ఒక చర్చినుండి పుట్టినది. ఆర్సెనల్ వూలిచ్‌లోని ఆయుధ కర్మాగారమున పనిచేయువారినుండి పుట్టినది. నేడు మాంచెస్టర్ యునైటెడ్ అనబడునది 1878లో రైల్వే పనివారు పెట్టుకొన్న న్యూటన్ హీత్ క్లబ్బు. వారమంతయు మరయంత్రముల మ్రోతలో బ్రతికినవారు శనివారపు సాయంకాలమున తమదని చెప్పుకొనుటకు కల్పించుకొన్న వస్తువు లివి.

ఇవి త్వరలోనే వాటాల కంపెనీలైన మాట నిజము. కాని ఆటపై అధికారముగల ఫుట్‌బాల్ అసోసియేషను అప్పుడొక కట్టుబాటు చేసినది. వాటాదారులకిచ్చు లాభము హద్దు దాటరాదు. డైరెక్టర్లు జీతము పుచ్చుకొనరాదు. క్లబ్బు మూతపడినచో మిగిలిన ఆస్తి వాటాదారుల జేబులలోనికి పోరాదు. మనవారికి దీనిని వివరింప నక్కరలేదు. దేవుని మాన్యమునకు ధర్మకర్త యెట్టివాడో క్లబ్బునకు డైరెక్టరు అట్టివాడని యర్థము: తాళపుచెవి ఆయనవద్ద నుండును గాని సొత్తు ఆయనది కాదు. 1983లో లండనులోని టోటెన్‌హామ్ క్లబ్బువారు పైన వేరొక కంపెనీని నిలిపి, క్లబ్బును దాని క్రింది ఆస్తిగా మార్చి, ఈ కట్టుబాటును తప్పించుకొని వాటాలను బజారున అమ్మిరి. అసోసియేషను చూచి యూరకుండెను. ధర్మకర్త యజమాని యైనది ఆనాడే.

తరువాతి కథ తెలిసినదే. 2005లో అమెరికా దేశస్థులైన గ్లేజరు కుటుంబమువారు మాంచెస్టర్ యునైటెడును సుమారు 79 కోట్ల పౌండ్లకు కొనిరి; అందులో అధికభాగము అప్పు; ఆ యప్పులో పెద్దపాలు మోయవలసినది కొనబడిన క్లబ్బే! ఇల్లు కొన్నవాడు ఆ యింటినే కుదువబెట్టి వడ్డీని అద్దెకున్నవారిచేత కట్టించుట యెట్టిదో ఇది అట్టిది. 1885లో పుట్టి రెండుసారులు ఎఫ్.ఏ. కప్పు గెలిచిన బరీ క్లబ్బు 2018 డిసెంబరులో ఒక్క పౌండునకు చేతులు మారెను. 2019 ఆగస్టులో లీగునుండి వెళ్లగొట్టబడెను. ఒక్క పౌండు! మన సంతలో కోడిపిల్ల ధర దానికంటె నెక్కువ.

ఇంతవరకును దోషము యజమానులది, వారిని అనుమతించిన లీగులది. అభిమానులు ఇందు బాధితులే. కాని 2021 అక్టోబరు 7వ తేదీన న్యూకాసిలులో జరిగిన దానినేమందుము? సౌదీ అరేబియా ప్రభుత్వ నిధి ప్రధాన భాగస్వామిగా నున్న కూటమి ఆ క్లబ్బును 30 కోట్ల పౌండ్లకు పైగా ఇచ్చి కొనెను. సౌదీ రాజ్యము క్లబ్బును నడపదని లీగువారు చట్టబద్ధమైన హామీలు పుచ్చుకొనిరట. ఆ నిధికి అధ్యక్షుడు ఆ రాజ్యపు యువరాజే! 2018 అక్టోబరు 2వ తేదీన ఇస్తాంబులులోని సౌదీ కాన్సలేటులో పత్రికారచయిత జమాల్ ఖషోగ్గి చంపబడెను. అతనిని పట్టుకొనుటకో చంపుటకో జరిగిన చర్యకు యువరాజు అనుమతి నిచ్చెనని అమెరికా గూఢచారిశాఖవారు 2021 ఫిబ్రవరిలో వెల్లడించిన నివేదికలో అభిప్రాయపడిరి. తానట్టి యాజ్ఞ ఇయ్యలేదని యువరాజు చెప్పెను. ఈ సంగతులు న్యూకాసిలులో తెలియనివారు లేరు. అయినను వేలకొలది జనము మైదానము వెలుపల చేరి, సౌదీ జెండాలు పట్టుకొని, కొందరు అరబ్బుల తలగుడ్డలు చుట్టుకొని, పండుగ చేసికొనిరి.

వారి పక్షమున చెప్పవలసినది కొంత కలదు. దానిని దాచుట న్యాయము కాదు. అంతకుముందటి యజమాని పదునాలుగేండ్లు ఆ క్లబ్బును పాడిగేదెవలె చూచెను. మేత మాత్రము వేయలేదు. జట్టు రెండుసారులు క్రింది తరగతికి దిగజారెను. గనులును ఓడల కర్మాగారములును మూతపడిన ఆ ప్రాంతమునకు గర్వపడుటకు మిగిలినది ఆ క్లబ్బొక్కటే. ఆ మైదానపు గుమ్మమువద్దనే ఆటదినములలో బీదలకై ఆహారపదార్థములు పోగుచేసి యిచ్చు అభిమానులు కలరు. ఈ క్రయమును బహిరంగముగా నిరసించిన కొలదిమందియు ఆ యూరివారే. వారు దుష్టులని నేననను. దయగలవారే యట్లు చేసిరనుటయే నన్ను కలవరపెట్టుచున్నది.

మన దేశమున కన్యాశుల్కము చెల్లుబడి యైన దినములలో, పిల్లను ఎవనికిచ్చుచున్నారో అడుగువాడు పెళ్లి చెడగొట్టువాడని పేరుపొందెడివాడు. వరుని వయస్సేమి, నడవడి యేమి యని ఎవరును అడుగరు. ఎంత తెచ్చెనని యడుగుదురు. విందు బాగుగానున్నచో ఊరంతయు వరుని మెచ్చుకొనును. ఆ కన్యకు నోరు లేదు గనుక ఆమెను తప్పుపట్టుట కవకాశము లేదు. న్యూకాసిలులోనో, అమ్ముడుపోయిన కన్యయు అభిమానులే, విందు గుడిచి వరుని పొగడిన బంధువులును అభిమానులే.

ఇది న్యూకాసిలుతో పోయిన జాడ్యము కాదు. 2021 ఏప్రిలులో పండ్రెండు సంపన్న క్లబ్బులు తమకై వేరొక మూతతలుపుల లీగును ప్రకటింపగా, లండనులోని చెల్సీ అభిమానులు తమ మైదానము ముందరి వీథి నాక్రమించి జట్టు బస్సును అడ్డగించిరి. ఆరు ఇంగ్లీషు క్లబ్బులును మూడు దినములు తిరుగకముందే వెనుదీసెను. సామాన్యజనము ధనికుల నెదిరించి గెలిచిన దినమది. అందరును మెచ్చిరి, నేనును మెచ్చితిని. కాని ఒక్క యేడాది నిండకముందే, 2022 మార్చి 5వ తేదీన, బర్న్‌లీ మైదానమున యుద్ధపీడితమైన ఉక్రెయిను ప్రజలకై జనమంతయు లేచి చప్పట్లు కొట్టుచున్న సమయమున, ఆ చెల్సీ అభిమానులలోనే కొందరు తమ రష్యా యజమాని అబ్రమోవిచ్ పేరు పాడిరి. జట్టు శిక్షకుడే వారిని మందలింపవలసివచ్చెను. మార్చి 10వ తేదీన బ్రిటిషు ప్రభుత్వము ఆ యజమాని ఆస్తులను స్తంభింపజేసెను. మార్చి 12వ తేదీన సౌదీ అరేబియాలో ఒక్క దినమున 81 మందికి మరణశిక్ష అమలుజరిగెను. మరునాడు చెల్సీ మైదానమున ఆడినవి చెల్సీయు న్యూకాసిలును. ఆ వారమున ఆ మైదానములో కూర్చున్నవారికి ఆట తప్ప మరేమియు కనబడలేదన్నచో, ఏడాదిక్రిందట బస్సు నడ్డగించినప్పుడు వారు కాపాడినది ధర్మమునా, తమ వినోదమునా?

దీనికి ప్రతివాదులు చెప్పు సమాధానములలో బలమైనది ఒక్కటే. “బ్రిటిషు ప్రభుత్వమే సౌదీకి ఆయుధము లమ్మినది, లోకమంతయు ఆ దేశపు చమురు కొనుచున్నది, దొరలకు లేని నీతి, టిక్కెట్టు కొనుక్కొని ఆట చూచు కూలివానికే కావలసివచ్చినదా?” అని. మాట పదునైనదే. కాని చమురు కొన్నవాడు చమురు కొనుచున్నాడు. దానితోకూడ రాజును పొగడుచు పాట పాడుట లేదు. యువరాజునకు న్యూకాసిలునుండి కావలసినది టిక్కెట్ల సొమ్ము కాదు, అది అతనికి లెక్కలోనిది కాదు. కావలసినది ఆ పాట. ఖషోగ్గి పేరు విన్నవెంటనే కాన్సలేటు జ్ఞప్తికి వచ్చుటకు బదులు, సౌదీ పేరు విన్నవెంటనే గోలు జ్ఞప్తికి రావలెను. ఆ సరకును అమ్మగలవారు అభిమానులొక్కరే. 2025 మార్చిలో న్యూకాసిలు లీగు కప్పును గెలిచెను. 1955 తరువాత స్వదేశమున అది వారికి మొదటి కప్పు. డెబ్బదియేండ్ల నిరీక్షణము తీరిన ఆ వృద్ధుల కన్నీటిని నేను పరిహసింపజాలను. వారమ్మిన సరకునకు వెల ముట్టినదని మాత్రము చెప్పుదును.

పరదేశీయులనే యాక్షేపించుచున్నానని యెవరైన ననవచ్చును గనుక మనవారి సంగతియు చెప్పవలసియున్నది. పైన చెప్పిన బ్లాక్‌బర్న్ రోవర్సు క్లబ్బును 2010 నవంబరులో 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు కొన్న వెంకీసువారు, 1971లో హైదరాబాదున మొదలైన వేంకటేశ్వర హేచరీసు సంస్థకు చెందినవారు, తెలుగు కుటుంబమువారు. నెల తిరుగకముందే వారు అనుభవజ్ఞుడైన శిక్షకుని తొలగించిరి. 2012లో జట్టు క్రింది తరగతికి దిగెను. ఆ యోటమినాడు ఎవరో క్లబ్బు జెండా కట్టిన కోడిని మైదానములోనికి వదలిరి. 2017లో మూడవ తరగతికిని దిగెను. వీరు మాంచెస్టరు యజమానులవలె క్లబ్బుమీద అప్పు మోపి లాభము పిండుకొన్నవారు కారు. ఏటేట నష్టములను తమ సొమ్ముతో పూడ్చుచు వచ్చిరి. దోషము దుర్బుద్ధిలో లేదు, ఏర్పాటులో నున్నది. అంతకుముందు ఆ యూరి ఉక్కు వర్తకుడైన జాక్ వాకరు ధారాళముగా వ్యయము చేయగా 1995లో జట్టు లీగు విజేత యయ్యెను. ఆయన 2000లో మరణించెను. ఆయన ఆస్తి చూచువారు క్లబ్బును అమ్మజూపిరి. వాకరుదినములలో “మాకు ఓటేది?” అని యడుగనివారు కోడిని వదలుదినమున అడుగుట కెవరి సెలవు కావలెను? మంచి దొర క్రింద ఊరక కూర్చున్నవారు చెడ్డ దొరను కోరుకొన్నట్లే.

ఓటు గల దేశము ఒకటి కలదు. జర్మనీలో 1998నాటి నియమము ప్రకారము క్లబ్బు కంపెనీగా మారినను ఓట్లలో సగముకంటె నొకటి యెక్కువ సభ్యుల చేతిలోనే యుండవలెను. ఈ నియమమునకు కన్నములు లేకపోలేదు. లెవర్కూసెను మందుల కంపెనీది, వుల్ఫ్స్‌బర్గు మోటారుకార్ల కంపెనీది. లైప్జిగులో ఒక పానీయముల కంపెనీవారు ఓటుగల సభ్యులను వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందిని మాత్రమే చేర్చుకొని నియమమును బ్రతికించి దాని ప్రాణము తీసిరి. 2013 మొదలు 2023 వరకు వరుసగా పదునొకండేండ్లు బయర్నే గెలిచెను. కావున సభ్యుల ఓటు సమానతను తెచ్చునని యెవరును భ్రమపడరాదు. అయినను 2023 డిసెంబరులో లీగు ప్రసారహక్కుల రాబడిలో కొంతభాగమును పెట్టుబడిదారులకు అమ్మజూచినప్పుడు అభిమానులు వారమువారము టెన్నిసు బంతులు మైదానములోనికి విసరి ఆటలను ఆపిరి. ఆపినవి తమ జట్ల ఆటలనే, తాము డబ్బిచ్చి చూడవచ్చిన వానినే. 2024 ఫిబ్రవరిలో లీగు ఆ బేరమును మానుకొనెను.

ఇంగ్లాండులో 2025 జూలైలో ఫుట్‌బాలు పరిపాలన చట్టము ఆమోదింపబడి, స్వతంత్ర నియంత్రణాధికారి యొకడు ఏర్పడెను. యజమానుల యోగ్యతను విచారించుట, క్లబ్బు మైదానమును విడిచి పోదలచినప్పుడు అనుమతి నిచ్చుటయో మానుటయో ఆయన పని. ఆటకు కీడు మూడినదని సంపన్న క్లబ్బుల పెద్దలు కొందరు మొఱపెట్టిరి. 1920లలో పానగల్లు రాజావారి మంత్రివర్గము మదరాసులో దేవాదాయముల చట్టమును దెచ్చినప్పుడును మతమునకు కీడు మూడినదని ఇట్లే మొఱపెట్టిరి. చట్టము మంచిదే. కాని దొంగ ధర్మకర్తను తొలగింపగల యధికారి, హుండీలో పడిన సొమ్ము ఎట్టిదని భక్తుని చేత అడిగింపలేడు.

హైదరాబాదునకు ఈ యాట క్రొత్తది కాదు. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవస్థానము పొందిన భారత జట్టునకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీము ఈ నగరమువాడు. 2019లో పూనాలో నడచిన క్లబ్బు స్థానమున హైదరాబాదు పేర ఒక క్లబ్బు వెలసెను. గచ్చిబౌలి దాని మైదానము. 2022లో అది దేశపు ఇండియన్ సూపర్ లీగును గెలిచెను. తరువాత ఋణములు, చేతులు మారుట. 2025లో అది పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. పసుపు చొక్కాలు కొన్నవారిని ఒక్క మాటయైన అడుగవలసిన విధి యజమానులకు లేదు. పూనానుండి అది మనకు వచ్చినప్పుడు మనమును పూనావారి మాట యెత్తలేదు.

2002లో లండనులోని వింబుల్డను క్లబ్బును 50 మైళ్లకు పైగా దూరమున నున్న మిల్టన్ కీన్సునకు తరలించుటకు అనుమతి దొరకినప్పుడు, అచ్చటి అభిమానులు అదే వేసవిలో ఊరి బయలున ఆటగాండ్రను పరీక్షించి ఏరుకొని, తమ సొంతమైన క్లబ్బును అట్టడుగు తరగతులనుండి మొదలుపెట్టిరి. 2011లో అది లీగులో ప్రవేశించెను. 2020లో తమ పాత మైదానమున్న ప్లౌ లేనునకు తిరిగివచ్చెను. దానికి పట్టినవి పదునెనిమిదేండ్లు, కావలసినవి చందాలు. గచ్చిబౌలిలో రేపు మరియొక ధనికుడు మరియొక క్లబ్బును దెచ్చినప్పుడు, మన యువకులు మొదటి టిక్కెట్టు కొనుటకు ముందు అడుగవలసినవి రెండున్నవి: ఆ ధనము ఎవరిది? ఊరిని, పేరును, రంగులను మా ఓటు లేక మార్చనని వ్రాసియిచ్చెదవా?