విద్యుత్కారుల బేరము

తెలుగు జిల్లాలలో లీటరు పెట్రోలు ధర 2021లో నూరు రూపాయలు దాటి మరల క్రిందికి దిగిరాలేదు. మధ్యతరగతి గృహస్థులు విద్యుత్కారులవైపు చూచుటలో వింతలేదు. వింతయెల్ల వారు బేరమాడు విధముననే యున్నది. రెండు కార్ల పత్రములను ప్రక్కప్రక్కన బెట్టి, ఏది హెచ్చు కిలోమీటర్లు చెప్పుచున్నదో అదియే మేలనుచున్నారు. ఈ పద్ధతి మాకు సమ్మతము కాదు.

చవుకరకములలో రెండింటిని తీసికొందము. టాటావారి టియాగో విద్యుత్కారు 2022లోను, ఎం.జి.వారి కామెట్ 2023లోను బజారునకు వచ్చినవి. టియాగో పెద్ద బ్యాటరీ 24 యూనిట్లది. 315 కిలోమీటర్లు నడచునని నాడు ప్రకటించిరి. కామెట్ బ్యాటరీ 17.3 యూనిట్లది, 230 కిలోమీటర్లనిరి. ఇవి పరీక్షాశాలలో చక్రములు త్రిప్పి తీసిన లెక్కలు. మే నెల యెండలో ఏసీ వేసికొని నలుగురితో బెజవాడ వీధులలో పోవువానికి అంత దూరము రాదు. టాటావారే యిటీవల తమ కార్లకు వాడుకలో వచ్చు దూరమిదియని రెండవ యంకె నొకదానిని చెప్పుచున్నారు. మొదటిదానినే నమ్మదగునేని రెండవదాని యవసరమేమి?

అసలు భేదము ఛార్జింగులో నున్నది. దారిలోని వేగపు డీసీ ఛార్జింగు కేంద్రములు టియాగోకు పనికివచ్చును. నూటికి పదిపాళ్లున్న బ్యాటరీ యెనుబదిపాళ్లగుటకు గంట చాలును. కామెట్ ఆ సౌకర్యము లేకయే వచ్చినది. చిన్న ఛార్జరుతో అది నిండుటకు ఏడు గంటలు, పై రకముల పెద్ద ఛార్జరుతోనైనను మూడున్నర గంటలు పట్టును. గుంటూరు పోయివచ్చుటకు డెబ్బది కిలోమీటర్లే గనుక బెజవాడవారికి రెండును చాలును. హైదరాబాదు 270 కిలోమీటర్ల దూరము. టియాగో నడుమ ఆగి ఆగి చేరును. కామెట్ సూర్యాపేటలో ఎవరి యింటి ప్లగ్గును ఆశ్రయింపవలయునో! దానికి రెండే తలుపులు. వెనుక కూర్చుండవలసిన ముసలమ్మ ముందుసీటు వంచుకొని దూరవలయును.

ధర చూచి దానినే కోరువారును కలరు. 2024లో టియాగో ఆరంభధరను 7.99 లక్షలకును (ఇది 19.2 యూనిట్ల చిన్న బ్యాటరీకి), కామెట్ ధరను 6.99 లక్షలకును దించిరి. ఆ సెప్టెంబరులోనే, బ్యాటరీకి కిలోమీటరుకు 2.50 రూపాయల అద్దె చెల్లించుచో కామెట్‌ను 4.99 లక్షలకే యిత్తుమనిరి. రెండు లక్షలు మిగిలెనని సంతసించువారు కాగితము, కలము తీసికొనవలయును. నెలకు వేయి కిలోమీటర్లు తిరిగినచో అద్దె 2,500 రూపాయలు. ఎనుబదివేల కిలోమీటర్లకు ఆ మిగులంతయు హరించును. కరెంటు ఖర్చు వేరు. బండి మనది, ఎద్దులు అద్దెవి! కారు కదలని నెలలోను కనీసపు అద్దె కట్టవలెనా, మరల అమ్మునాడు బ్యాటరీ యెవరిది అని యడుగక సంతకము చేయరాదు. బ్యాటరీతో సహా కొన్నవారికి కంపెనీల హామీ యెనిమిదేండ్లు. టియాగోకు 1,60,000, కామెట్‌కు 1,20,000 కిలోమీటర్లు హద్దు.

టాటా స్వదేశి గనుక విచారణయే వలదను వాదమును విన్నాము. ఎం.జి.లో చైనావారి సాయిక్ కంపెనీకి వాటాయున్నమాట నిజమే. కాని మనదేశపు విద్యుత్కారులలోని బ్యాటరీ సెల్లులు పెక్కు చైనానుండియే దిగుమతియగుచున్నవి. తలుపుమీది పేరు చూచి స్వదేశి యనుట తొందరపాటు.

ఇంటికొకటే కారు కొనువారు పెద్ద బ్యాటరీగల టియాగోను కొనుట మేలని మా యభిప్రాయము. ఊరిలోనే తిరుగు రెండవ బండి కావలసినవారికి, బ్యాటరీతో సహా కొన్నచో, కామెట్ తీసివేయదగినది కాదు. మూడు మీటర్లకు లోబడిన పొడవు గనుక ఇరుకుసందులలో సుఖముగా పోవును. దేనిని కొన్నను ప్లగ్గు ముందు, కారు తరువాత. అపార్టుమెంటువాసులు తమ సంఘమువారి యనుమతిని అడ్వాన్సు చెల్లింపక పూర్వమే వ్రాతమూలకముగా పొందవలయును.