చక్రం ఊడి రానంటే...

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మోటార్‌హోమ్ ఉన్నవాళ్లని అడిగితే మూడోది కూడా కలుపుతారు... 'ఓసారి దాని చక్రం ఊడదీసి చూడు' అని!

మంచం, వంటగట్టు, ఫ్రిజ్, స్నానాలగది... ఇన్ని ఉన్న ఇల్లు చక్రాల మీద కదిలి వెళ్తుంటే ఆ దర్జానే వేరు. మనకైతే అది సినిమా తారల క్యారవాన్‌గానే ఎక్కువ పరిచయం. కేరళ ప్రభుత్వం 2021లో 'కేరవాన్ కేరళ' పేరుతో ఇలాంటి బండ్లలో పర్యటనలను ప్రోత్సహించడం మొదలుపెట్టింది. ఐరోపా, అమెరికాల్లో మాత్రం ఇది మధ్యతరగతి సరదా. బ్రిటన్‌లో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఇల్లు తాళంవేసి నెలల తరబడి ఇందులోనే తిరిగేస్తుంటారు. అమెరికాలోని తెలుగు కుటుంబాలూ వేసవి సెలవుల్లో ఆర్‌వీని అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరతాయి.

టైరు పంక్చరయ్యే దాకా అంతా బాగానే ఉంటుంది. జాకీ వేస్తారు. చెమటోడ్చి బోల్టులన్నీ విప్పేస్తారు. ఇక చక్రం చేతిలోకి వచ్చేయాలి కదా... రాదు. లాగినా రాదు, ఊపినా రాదు. పట్టి ఉంచేందుకు ఒక్క బోల్టు కూడా లేకపోయినా హబ్‌కి అతుక్కుని కూర్చుంటుంది. పది నిమిషాల పని పూటంతా పడుతుంది. అసలు ప్రమాదం పొంచి ఉండేదీ అక్కడే. విసుగొచ్చిన మనిషి బలం ఉపయోగిస్తాడు. మూడు టన్నుల పైచిలుకు బండి ఒక్క జాకీ మీద నిలబడి ఉందన్న సంగతి ఆ కాసేపు మర్చిపోతాడు.

పట్టుకున్నది ఎవరు?

చక్రం మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటుంది. హబ్ మధ్యలో పొడుచుకొచ్చిన ఉక్కు గూటం సరిగ్గా అందులో కూర్చుంటుంది. రెండింటి మధ్యా సందు బహు స్వల్పం. చక్రం ఊగకుండా నడిమధ్యన నిలబడాలంటే అంత బిగువు ఉండాల్సిందే. చిక్కు కూడా అక్కడే. ఉక్కు చక్రమైతే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అల్లాయ్ చక్రమైతే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. అల్లాయ్ అంటే ప్రధానంగా అల్యూమినియం. హబ్ ఏమో ఇనుము. రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ, మధ్యలో ఉప్పునీరు చేరితే అదో చిన్న బ్యాటరీ అయిపోతుంది. అందులో అరిగిపోయేది అల్యూమినియమే. అరిగినచోట తెల్లటి పొడి పేరుకుంటుంది. ఆ పొడి, పోయిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అసలే ఇరుకు సందు... అందులో పొడి ఉబ్బితే మేకు దిగ్గొట్టినట్టే!

న్యూయార్క్ వెళ్లిన ప్రతివాళ్లూ ఫొటో దిగే స్వేచ్ఛా ప్రతిమకీ ఇదే జబ్బు చేసింది. పైన రాగి తొడుగు, లోపల ఇనుప చట్రం. రెండూ తాకకుండా మధ్యలో పెట్టిన పొర కాలక్రమంలో పాడైపోయింది. ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోయింది. లోపలి ఇనుప పట్టీలు తుప్పు పట్టి ఉబ్బిపోవడంతో, 1986లో శతజయంతి నాటికి వాటిని తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి అమర్చాల్సి వచ్చింది. అంతటి విగ్రహాన్నే వదలని తుప్పు మోటార్‌హోమ్ చక్రాన్ని వదులుతుందా!

బ్రిటన్‌లో చలికాలం వస్తే మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చాలామంది సెలవులు గడిపేదేమో సముద్రపు ఒడ్డున. పైగా మోటార్‌హోమ్ రోజూ తిరిగే బండి కాదు. వేసవంతా తిరిగి, శీతకాలమంతా పెరట్లో ముసుగేసుకుని పడుకుంటుంది. టైర్లు అరిగితే కదా చక్రాలు ఊడదీసేది! తిరిగేది తక్కువ కాబట్టి ఏళ్లు గడిచినా అవి అరగవు. రోజూ నడిచే లారీ చక్రాలను అటూ ఇటూ మారుస్తుంటారు కాబట్టి అక్కడ తుప్పు స్థిరపడే వీలు తక్కువ. అదే పనిలేక నిలబడిన చక్రమైతే పాతుకుపోతుంది.

పెరట్లో అయితే...

అతుక్కున్న చక్రాన్ని ఇంటి దగ్గర ఊడదీయడం అసాధ్యమేమీ కాదు. కావాల్సింది కండబలం కాదు, ఓపిక.

ముందుగా నేల సంగతి. గట్టిగా, సమతలంగా ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఎత్తబోయే చక్రానికి ఎదుటిమూల ఉన్న చక్రం ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టాలి. బోల్టులను జాకీ ఎత్తకముందే కాస్త వదులు చేసుకోవాలి. జాకీ ఉన్నది ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తాక చాసిస్ కింద యాక్సిల్ స్టాండు పెట్టి బరువు దాని మీదికి దించాలి. మోటార్‌హోమ్ మూలల్లో ఉండే కాళ్లు, బండిని నిలిపినప్పుడు ఊగకుండా ఉండటానికే. వాటితో బండిని ఎత్తి చక్రం విప్పాలనుకోవడం చేటు.

తర్వాత తుప్పు వదిలించే నూనె. చక్రం మధ్యలో హబ్ కనిపించే అంచు చుట్టూ కొద్దిగా కొట్టి వదిలేయాలి. అరగంటయినా ఆగాలి, రాత్రంతా నాననిస్తే ఇంకా మంచిది. బ్రేకు డిస్కు మీదా, బోల్టు మరల మీదా పడకూడదు. అందరిళ్లల్లో కనిపించే డబ్ల్యూడీ-40 డబ్బా ఇలాంటి పోరాటం కోసం పుట్టిందే. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో నీటిని తరిమి తుప్పును ఆపే ద్రవం కోసం ప్రయత్నించి, 40వసారి విజయం సాధించారు. ఆ అంకే పేరులో నిలిచిపోయింది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకి తుప్పు పట్టకుండా దాన్ని వాడారు. అయితే బాగా బిగిసిపోయిన చక్రానికి, సందుల్లోకి చొచ్చుకుపోయేలా ప్రత్యేకంగా తయారుచేసిన నూనెలు ఇంకా బాగా పనిచేస్తాయి.

ఆ తర్వాత రెండు బోల్టులను నాలుగైదు మరలు తిప్పి వదులుగా పెట్టాలి. చక్రం ఒక్కసారిగా ఊడి మీదపడకుండా అవి ఆపుతాయి. ఇప్పుడు టైరు పక్కభాగాన్ని అరికాలితో ఓసారి ఎడమవైపు, ఓసారి కుడివైపు నెట్టాలి. ఆగి, చక్రాన్ని కాస్త తిప్పి, మళ్లీ నెట్టాలి. దెబ్బ గట్టిగా ఉండాల్సిన పనిలేదు, వైపులు మారుతుండటం ముఖ్యం. అయినా కదలకపోతే వెనకవైపు నుంచి టైరుకి కర్రదిమ్మ ఆనించి, రబ్బరు సుత్తితో కొట్టొచ్చు. ఇనుప సుత్తితో అల్లాయ్ రిమ్ము మీద కొడితే మాత్రం చక్రం వస్తుందో రాదో గానీ పగులు తప్పకపోవచ్చు.

మెకానిక్‌ల చిట్కా ఇంకోటుంది. బండి నేల మీదే ఉండగా ఆ చక్రం బోల్టులను అర చుట్టు మాత్రం వదులు చేసి, ఖాళీ స్థలంలో నడకవేగంతో రెండు మీటర్లు ముందుకీ వెనక్కీ నడిపి బ్రేకు వేస్తారు. బండి బరువే తుప్పు పట్టును విడగొడుతుంది. చప్పుడు రాగానే ఆపేస్తారు. ఇది తెలిసినవాళ్లు పక్కన ఉండగా పెరట్లో చేసే పనే తప్ప రోడ్డు మీద చేసేది కాదు.

చేయకూడనివీ ఉన్నాయి. మంటపెట్టి వేడిచేస్తే బేరింగులో గ్రీజు కరిగిపోతుంది, టైరు పేలొచ్చు. బండి కిందకి దూరి లోపలి నుంచి కాళ్లతో తన్నడం అన్నిటికన్నా ప్రమాదం. చక్రం ఊడే క్షణంలోనే బండి ఊగేది!

రోడ్డు మీదైతే...

బ్రిటన్ హైవే కోడ్ ఈ విషయంలో మొహమాటపడదు. మోటార్‌వే మీద బండి ఆగిపోతే మరమ్మతులు మొదలుపెట్టొద్దంటుంది. ట్రాఫిక్‌కి దూరంగా ఉన్న తలుపు నుంచి దిగి, కంచె అవతల నిలబడి, సాయం కోసం ఫోన్ చేయాలి. టైరు మార్చడం తెలిసిన మొనగాడికైనా ఇదే నియమం. అందుకే బ్రేక్‌డౌన్ సాయం తీసుకునేటప్పుడే బండి బరువూ పొడవూ ఒప్పందానికి సరిపోతాయో లేదో చూసుకోవాలి. కారుకి వర్తించే పథకం మోటార్‌హోమ్‌కి వర్తించకపోవచ్చు.

ఇంకో చమత్కారం కూడా ఉంది. మనం అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటాం. ఆ పేరు వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో ఉన్న స్టెప్నీ వీధిది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు దాన్ని తయారుచేశారు. పేరు మన లారీ డ్రైవర్ల నోట భద్రంగా ఉంది. బ్రిటన్‌లో అమ్మే చాలా మోటార్‌హోమ్‌లలో మాత్రం స్టెప్నీయే లేదు. బరువూ చోటూ కలిసొస్తాయని దాని బదులు రంధ్రం పూడ్చే ద్రవమూ, గాలికొట్టే చిన్న పంపూ ఇస్తున్నారు. మేకు గుచ్చుకుంటే అది పనికొస్తుంది. టైరు పక్కభాగం చీలిపోతే ఎందుకూ కొరగాదు. బయల్దేరే ముందే ఆ సంగతి చూసుకోవడం మంచిది. దొంగలు ఎత్తుకెళ్లకుండా చక్రానికి ప్రత్యేకమైన బోల్టు పెట్టి ఉంటే, దాన్ని విప్పే తాళం ఎక్కడుందో కూడా!

మళ్లీ అతుక్కోకుండా...

చక్రం ఊడి వచ్చాక సగం పనే అయినట్టు. హబ్ మీదా, చక్రం మధ్యలోనూ ఉన్న తుప్పునీ తెల్లపొడినీ వైరు బ్రష్షుతో శుభ్రంగా గీకేయాలి. అందం కోసం కాదు. పెచ్చులు మిగిలితే వాటి మీదే చక్రం కూర్చుంటుంది. నాలుగు మైళ్లు నడిచేసరికి అవి నలిగిపోయి, బిగించిన బోల్టులు వదులైపోతాయి. చక్రం నడిరోడ్డు మీద దానంతటదే ఊడేది అలాంటప్పుడే. గీకాక మధ్య గూటానికి మాత్రం అతుక్కోకుండా ఉంచే ప్రత్యేకమైన గ్రీజు పల్చగా పూయాలి. అల్లాయ్ చక్రానికైతే రాగి లేని రకం మేలు. బోల్టు మరలకి పూయకూడదు.

బిగింపుకీ లెక్క ఉంది. ఐరోపా మోటార్‌హోమ్‌లలో ఎక్కువ వాటికి ఆధారం ఫియట్ డుకాటో. దాని బోల్టులకి చక్రాన్ని బట్టి 160 నుంచి 180 న్యూటన్ మీటర్ల బిగింపు చెబుతారు. 160 అంటే 40 సెంటీమీటర్ల పానా చివర 40 కిలోల బరువు వేలాడదీసినంత. 70 కిలోల మనిషి అదే పానా ఎక్కి తొక్కితే 270 దాటిపోతుంది! తర్వాతిసారి బోల్టు కదలకపోవడానికి ఆ తొక్కుడే కారణం. ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి టార్క్ రెంచితో బిగించి, ఓ 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూసుకోవాలి. ఎవరి బండి లెక్క దాని పుస్తకంలో ఉంటుంది.

శీతకాలానికి బండిని పక్కన పెట్టేటప్పుడు సమతలంగా నిలిపి, చక్రాలకి దిమ్మలు వేసి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయడం ఇంకో మంచి అలవాటు. లేకపోతే బ్రేకు పట్టేసి వసంతంలో చక్రం తిరగనే తిరగదు. ఎలాగూ టైరు మీదున్న తేదీ కూడా చూడాలి. చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. అరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది.

ఏడాదికోసారి, తొందరేమీ లేని ఓ ఆదివారం పూట, నాలుగు చక్రాలనూ ఒక్కొక్కటిగా ఊడదీసి మళ్లీ బిగిస్తే చాలు. ఆ పని ఓపికగా చేసినవాళ్లకి, వానలో, చీకట్లో, లారీలు దూసుకుపోయే రోడ్డు పక్కన చక్రంతో కుస్తీ పట్టాల్సిన అవసరం చాలావరకు రాదు.