పటం జిల్లా దగ్గరే ఆగితే చాలదు

వాతావరణ మార్పు దెబ్బ అన్ని ప్రాంతాలకూ ఒకే తీరుగా తగలదు. ఏ జిల్లాకు ముప్పు ఎంతో హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) లెక్కగట్టింది. 2019 నాటి ఆ అంచనా ప్రకారం దేశంలోని 573 గ్రామీణ జిల్లాల్లో 109 అత్యధిక ముప్పులో, మరో 201 అధిక ముప్పులో ఉన్నాయి. అంటే సగానికి పైనే. ఈ కృషిని మేం స్వాగతిస్తున్నాం.

అయితే జిల్లా అంతటికీ ఒకే రంగు పూస్తే అందులో రైతు కనపడడు. ఉమ్మడి అనంతపురం జిల్లానే చూడండి. కణేకల్లులో హెచ్చెల్సీ నీళ్లతో వరి పండుతుంది. కళ్యాణదుర్గం మెట్టలో వేరుశనగ వేసినవారికి వానే దిక్కు. ఒకే ఊళ్లో సైతం బోరున్న రైతు, అప్పు తెచ్చి కౌలు కట్టిన రైతు ఒకటి కాదు. పంట పోయినప్పుడు పెట్టుబడి రాయితీకి 33 శాతం నష్టం తేలాలి. రికార్డుల్లో పేరే లేని కౌలు రైతుకు ఆ పాటి సాయమూ దక్కదు.

కరువును మండలాలవారీగా ప్రకటిస్తున్నప్పుడు ముప్పును మాత్రం జిల్లాలవారీగా కొలిచి సరిపెట్టడం ఏమిటి? మండల స్థాయిలో పటాలు తయారు చేయాలి. భూగర్భజలాలు, కౌలు, అప్పుల భారం వాటిలోకి ఎక్కాలి. ముప్పును బట్టి ముందుగానే నిధులివ్వాలి. ఇవి మా డిమాండ్లు.

గ్రామ కమిటీలు కూడా ఎండిన బోర్లు, కౌలుదారుల వివరాలు ఇప్పటినుంచే నమోదు చేయాలి. మన లెక్క మన చేతిలో ఉంటేనే అధికారులను నిలదీయగలం.