నీరాకు చల్లదనం చెట్టుపైనే కావాలి

తాటి నీరా లొట్టిలో పడినప్పటి నుండే పులియనారంభిస్తుంది. వేసవి వేడిలో ఈస్టులు, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా అందులోని చక్కెరను కొద్ది గంటలలోనే ఆల్కహాలుగా, ఆమ్లాలుగా మార్చివేస్తాయి. ఆ తరువాత శీతల గదిలో ఉంచితే పులియడం మందగిస్తుందే గాని, అప్పటికే ఏర్పడిన పులుపు పోదు. 2023లో హైదరాబాదులో నీరా కేఫ్ ప్రారంభం కావడం సంతోషకరమే. అయితే విక్రయశాలకన్నా ముందు చెట్టుపైకి దృష్టి సారించాలి.

లొట్టి లోపల సున్నం పూయడం పాత పద్ధతి. అది పులియడాన్ని ఆలస్యం చేస్తుంది, రుచిని మాత్రం మారుస్తుంది. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరా కోసం ఐసు ముక్కలతో పనిచేసే సేకరణ పెట్టెను రూపొందించింది. దానిని యథాతథంగా తాటికి సిఫారసు చేయడం తొందరపాటే. తాటిచెట్టుపై అనేక గెలలకు అనేక లొట్లు కడతారు. వాటన్నింటికీ సరిపడే ఐసును మోకుతో ఎక్కే గీత కార్మికుడే పూటపూటా పైకి మోయాలి. పులిసిన నీరాను కేంద్రం తిరస్కరిస్తే నష్టపోయేదీ అతడే. కనుక తాటికి తగిన తేలికపాటి పెట్టెను గీత కార్మికులతో కలిసి, చెట్లపైనే పరీక్షించి రూపొందించాలి. ఐసు ఖర్చును కొనుగోలు కేంద్రమే భరించాలి.